చుక్కానిని మోయు రబ్బరు

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగము)



రజతోత్సవ సభ కదా, నేను భారతమును గూర్చియో, ఒక ప్రబంధమును గూర్చియో నాలుగు మాటలు చెప్పుదునని మీరు తలచియుందురు. పగలెల్ల ఊరి లెక్కలు వ్రాసికొనుచు, తీరిక దొరికినపుడు ఈ గ్రంథాలయపు బల్లమీద కావ్యములు చదువుకొను వానినుండి అట్టి ప్రసంగమును కోరుట సహజమే. కాని నేడు నేనెన్నుకొన్న విషయము వేరు. పాతబడిన ట్రక్కులో స్టీరింగు రాక్కును పట్టియుంచు రబ్బరు బుష్షులు అరిగినపుడు ఆ సంగతి ఎట్లు తెలిసికొనవలెను, వానిని ఎట్లు మార్చవలెను అనునదియే నా ప్రసంగము. వెనుక వరుసలో కొందరు నవ్వుచున్నారు. నవ్వుడు, తప్పులేదు. కాని ఆ వరుసలోనే ట్రక్కులు నడపు మన యువకులు కూర్చుండియున్నారు. వారు నవ్వుటలేదు.

1914లో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘము ఏర్పడినది. నాటినుండి ఆ ఉద్యమము కోరినది విద్వాంసునకు పుస్తకమును చేర్చుట మాత్రమే కాదు. పాటుపడువాని పాటునకు పనికివచ్చు తెలివిని వాని గుమ్మమువరకు చేర్చుట కూడ దాని ఆశయమే. మన ఊరి కాయగూరలు, మిరప బస్తాలు, పాల క్యానులు ఊరు దాటునది చిన్న ట్రక్కులమీదనే. ఆ బండ్లు చాలవరకు చేతులు మారి వచ్చిన పాత బండ్లు. కావున ఈ విషయము గ్రంథాలయమునకు పరాయిది కాదు.

మొదట బండి తిరుగు విధమును చూతము. మన ఎడ్లబండిలో తిరుగు పని ఎడ్లది. పగ్గము లాగినంతనే కాడి తిరుగును, కాడితో నొగ తిరుగును, నొగతో బండి తిరుగును. మోటారు బండిలో ఆ పనికి కొన్ని అంగములు వరుసగా నిలిచియున్నవి. పెద్ద లారీలకును, పాత జీపులకును స్టీరింగు పెట్టె యుండును. దాని సంగతి నేడు వదలెదను. చిన్న ట్రక్కులలో అనేకమునకు రాక్కు, పినియను అను పద్ధతి కలదు. తోలువాడు పట్టుకొను చక్రము ఒక కడ్డీని త్రిప్పును. ఆ కడ్డీ చివర చిన్న పండ్ల చక్రమున్నది. అదే పినియను. దాని పండ్లు ఒక పొడవైన పండ్ల కమ్మితో కలిసికొనును. అదే రాక్కు. పినియను తిరుగగా రాక్కు కుడికో ఎడమకో జరుగును. దాని రెండు కొనలనున్న టై రాడ్లు ముందు చక్రములను త్రిప్పును.

ఈ రాక్కు ఒక లోహపు గొట్టములో నడచును. ఆ గొట్టమును బండి చట్రమునకు బోల్టులతో బిగింతురు. అయితే ఇనుమును ఇనుమునకు నేరుగా బిగింపరు. నడుమ రబ్బరు బుష్షు నుంతురు. కొన్ని బండ్లలో అది పట్టీ క్రింద నమరు చీలిక గల రబ్బరు ముక్క. కొన్నింటిలో నడుమ ఉక్కు గొట్టము గల రబ్బరు కడియము. దారి గతుకులు చేతికి తగులకుండ చేయుట, మ్రోతను అణచుట, లోహము లోహమును తినకుండ కాపాడుట దాని పనులు. అన్నిటికంటె ముఖ్యమైనది మరియొకటి కలదు. రాక్కు గొట్టము కదలక నిలిచినపుడే లోపలి రాక్కు కదలిక యంతయు చక్రములకు చేరును. గొట్టమే జరుగుచుండిన, చేయి త్రిప్పిన త్రిప్పులో కొంత దారిలోనే ఖర్చైపోవును. కూలివానికి చేరవలసిన డబ్బు నడుమనున్న మేస్త్రి చేతిలో మిగిలిపోవునట్టిదే ఇది.

వ్యాకరణము చదివినవారికి ఒక పోలిక చెప్పెదను. విభక్తి ప్రత్యయము మిక్కిలి చిన్నది. దానికి విడిగా అర్థము కూడ అంతగా లేదు. కాని దానిని తీసివేసి చూడుడు. పదములన్నియు నిలిచియే యుండును. ఎవడు కొట్టెనో, ఎవడు దెబ్బ తినెనో మాత్రము తెలియదు. బుష్షు అరిగిన బండియు అట్టిదే. చక్రమున్నది, రాక్కున్నది, టై రాడ్లున్నవి. ఒకదాని మాట మరియొకదానికి సరిగా అందుటలేదు.

ఇక అరుగుటకు కారణములు. రబ్బరును గంధకముతో కలిపి కాచి గట్టిపరచు విధమును చార్లెస్ గుడియరు 1839లో కనుగొనెను. నాటినుండి రబ్బరు యంత్రములలో నిలువగలిగినది. అయినను దానికి శత్రువులు మిగిలియే యున్నవి. మొదటిది వేడి. ఇంజనునకును, పొగ గొట్టమునకును దగ్గరనున్న బుష్షు ఏండ్లతరబడి కాగి గట్టిపడి పగుళ్లు తీయును. రెండవది నూనె. ఇంజను నూనె గాని, పవరు స్టీరింగు నూనె గాని కారి మీదపడిన రబ్బరు ఉబ్బి మెత్తబడి జావవలె నగును. మూడవది గతుకులు. నాలుగవది మన చేతిలోనున్నది. బండి నిలిచియుండగనే చక్రమును బలముగా త్రిప్పు అలవాటది. నిలిచిన టైరు నేలను పట్టుకొనియుండును గనుక ఆ బలమంతయు బుష్షులమీద పడును. బండిని కొంచెము కదలనిచ్చుచు త్రిప్పినచో వాని ఆయుర్దాయము పెరుగును.

అరిగిన గుర్తులేవి? చక్రము త్రిప్పిన వెంటనే బండి తిరుగక, ఒక క్షణము తడసి తిరుగును. తిన్నని దారిలో బండి ఇటునటు వాలుచుండగా, తోలువాడు ఎడతెగక సర్దుచుండవలసి వచ్చును. నిలిచిన బండిలో చక్రమును కుడియెడమలకు త్రిప్పిన క్రింద ‘టక్కు’మను చప్పుడు వినవచ్చును. తిన్నగా పోవునపుడు చేతి చక్రము ఒకసారి ఒకలాగున, మరియొకసారి వేరొకలాగున నిలుచును. ముందు టైర్లు ఒక అంచున అరుగును. దీనినే మన డ్రైవర్లు ‘స్టీరింగులో ప్లే వచ్చినది’ అందురు.

ప్లే వచ్చిన ఏమి? కొంచెము అలవాటు పడిన చాలునని చెప్పువారు కలరు. నేను లెక్కలవాడను గనుక దీనిని లెక్కలోనే చెప్పెదను. చేతి చక్రము ఒక చుట్టు తిరిగిన రాక్కు 48 మిల్లీమీటర్లు నడచునని అనుకొందము. బుష్షులు పూర్తిగా వదులై, కుడినుండి ఎడమకు త్రిప్పునపుడు గొట్టము 4 మిల్లీమీటర్లు జరుగుచున్నదని అనుకొందము. నాలుగును నలువదియెనిమిదితో భాగించిన పండ్రెండవ వంతు. అనగా చేతి చక్రము పండ్రెండవ వంతు చుట్టు, 30 డిగ్రీలు, వ్యర్థముగా తిరుగును. చక్రము అడ్డుకొలత 38 సెంటీమీటర్లైన, దాని చుట్టుకొలత సుమారు 119 సెంటీమీటర్లు. అందులో పండ్రెండవ వంతు సుమారు 10 సెంటీమీటర్లు. క్రింద నాలుగు మిల్లీమీటర్లు పోగా, పైన చేతిలో పది సెంటీమీటర్లు పోయినవి.

ఇప్పుడు కాలమును లెక్కింతము. గంటకు 60 కిలోమీటర్ల వేగమున పోవు బండి ఒక్క సెకండులో 16 మీటర్లకు పైగా నడచును. చేతి పని చక్రమునకు చేరుట అర సెకండు తడసిన, బండి తన ఇష్టము వచ్చినట్లు 8 మీటర్లు పోయినట్లు. మన రెండు వరుసల దారి మొత్తము వెడల్పు 7 మీటర్లు. ఎదురుగా బస్సు వచ్చునపుడు, దారిలోనికి పిల్లవాడు పరుగెత్తినపుడు ఈ లెక్క లెక్కగా నుండదు.

రోగమును నిర్ణయించు పద్ధతి ఇట్లుండవలెను. ప్లే వచ్చుటకు బుష్షు ఒక్కటియే కారణము కాదు. టై రాడ్డు కొనలు, బాలు జాయింట్లు, చక్రపు బేరింగులు, స్టీరింగు కడ్డీలోని కీలు, రాక్కులోని పండ్లు, వీనిలో ఏది అరిగినను ఇట్టి గుర్తులే కనబడును. టైర్లలో గాలి తక్కువైనను బండి వాలును. కావున మొదట గాలి చూడవలెను. తరువాత బండిని సమమైన నేలమీద నిలిపి, చేతి బ్రేకు వేసి, వెనుక చక్రములకు ముందు వెనుకల దిమ్మలు పెట్టవలెను. గేరు న్యూట్రలులో నుండవలెను. ముందు చక్రములు నేలమీదనే యుండవలెను. పవరు స్టీరింగు బండియైన ఇంజను నడచుచుండవలెను. ఒకరు చేతి చక్రమును కొద్దికొద్దిగా కుడియెడమలకు త్రిప్పుచుండగా, మరియొకరు దీపము పట్టుకొని రాక్కు గొట్టమును చూడవలెను. వ్రేళ్లు లోపల పెట్టరాదు.

చూడవలసినది ఏది మొదట కదలుచున్నదని. చక్రములు తిరుగకమునుపే రాక్కు గొట్టము చట్రమును విడిచి ప్రక్కకు జరిగిన, దోషము బుష్షులది. గొట్టము కదలక, టై రాడ్డు కదలియు చక్రము కదలనిచో దోషము దాని కొనది. పైనున్న కడ్డీ తిరిగియు, క్రిందనున్న కడ్డీ తిరుగనిచో దోషము నడుమనున్న కీలుది. ఇంతే పరీక్ష. దీనికి కావలసినవి రెండు జతల కన్నులు, ఒక దీపము.

ఈ పరీక్ష చేయకపోవుటవలన కలుగు నష్టమునకు మన ఊరిలోనే నిదర్శనమున్నది. ఒక యువకుడు అప్పుచేసి పాత ట్రక్కు కొనెను. బండి ఇటునటు లాగుచున్నదని చెప్పగా, ఒకచోట ముందు టైర్లు మార్చిరి. గుణము లేదు. మరియొకచోట టై రాడ్డు కొనలు మార్చిరి. గుణము లేదు. మూడవచోట రాక్కు మొత్తము మార్చవలెననిరి. ఆ ఖర్చునకు మరల అప్పు కావలసివచ్చి, లెక్క చూపుమని అతడు నా యొద్దకు వచ్చెను. మాట్లాడుచుండగా ఇదే గ్రంథాలయమున చదివిన పరీక్షను గూర్చి అతనికి చెప్పితిని. మరునాడు అతడును, అతని తమ్ముడును చూడగా రాక్కు గొట్టము ఒకవైపు కంటికి కనబడునంతగా జరుగుచుండెను. రెండు బుష్షులు మార్చిన తరువాత బండి కుదురుకొన్నది. ఆ రెండు రబ్బరు ముక్కల వెలకును, రాక్కు వెలకును పోలికయే లేదు. అంతకుముందు మార్చిన టైర్ల డబ్బు తిరిగిరాలేదు. రోగమెరుగక మందిచ్చిన వైద్యుడు రోగిని చంపును. గుర్తెరుగక సామాను మార్చిన వర్కుషాపు యజమానిని చంపును.

ఇక మార్పిడి. పని తెలిసిన మెకానిక్కు చేతనే చేయింపుడు. అయినను యజమానికి క్రమము తెలిసియున్న పని చెడదు.

మొదటిది, బండిని ఎత్తిన పిమ్మట జాకీని నమ్మి దాని క్రిందికి పోరాదు. గట్టి స్టాండ్లమీద చట్రమును నిలిపిన తరువాతనే పోవలెను. ఇది సామాన్యమైన మాట యనుకొనకుడు. జాకీ జారిన తరువాత చెప్పుటకు మనిషి మిగులడు.

రెండవది, ముందు చక్రములు తిన్నగా ఉంచి, చేతి చక్రము తిరుగకుండ కట్టివేయవలెను. రాక్కునుండి కడ్డీని విప్పవలసి వచ్చినపుడు పైచక్రము విచ్చలవిడిగా తిరిగిన, గాలిసంచి గల బండ్లలో దాని తీగచుట్ట తెగును. కడ్డీకిని పినియనునకును ముందుగనే గుర్తు గీసికొనవలెను.

మూడవది, త్రుప్పుపట్టిన బోల్టులకు ముందటి రాత్రియే త్రుప్పు వదలించు నూనె పట్టింపవలెను. బలవంతమున విరుగగొట్టిన బోల్టు ఒక గంట పనిని రెండు దినముల పనిగా చేయును.

నాలుగవది, చాల బండ్లలో రాక్కును పూర్తిగా దింపనక్కరలేదు. రెండువైపుల బిగింపులు విప్పి, గొట్టమును కొంచెము ముందుకు జరిపిన చాలును. అయితే దాని బరువు నూనె గొట్టములమీద వ్రేలాడరాదు. త్రాటితోనో పట్టీతోనో దానిని చట్రమునకు కట్టి నిలుపవలెను.

అయిదవది, పాత బుష్షును తీయుట. చీలిక గలది సులభముగా వచ్చును. ఉక్కు గొట్టము గలదానిని పొడవైన మరబోల్టు, వాషర్లు, తగిన కొలత గల గొట్టపు ముక్క కూర్చి మెల్లగా లాగవలెను. కొందరు నిప్పుతో కాల్చి తీయుదురు. అది కూడదు. ప్రక్కనే నూనె యున్నది, రాక్కు చివరల రబ్బరు తొడుగులున్నవి. ఆ పొగయు ఊపిరికి మంచిది కాదు.

ఆరవది, రబ్బరు వచ్చిన తరువాత ఆ చోటును ఉప్పుకాగితముతో శుభ్రము చేసి చూడవలెను. పట్టీలో పగులున్నను, బోల్టు రంధ్రము సాగి కోడిగ్రుడ్డు ఆకారము తాల్చియున్నను, క్రొత్త బుష్షు వేసి ప్రయోజనము లేదు. ముందు ఆ పట్టీని మార్చవలెను.

ఏడవది, క్రొత్తది ఎక్కించుట. రబ్బరు బుష్షునకు సబ్బునీరు పూసి ఎక్కింపవలెను. గ్రీజు గాని, ఇంజను నూనె గాని పూయరాదు. అది రబ్బరునకు విషమని ముందే చెప్పితిని. పాలీయురేతేను అను గట్టి పదార్థముతో చేసిన బుష్షులును దొరకును. వానికి సిలికాను గ్రీజు పూయుదురు. అమెరికా దేశమున 1995లో వెలువడిన టొయోటా టకోమా వంటి పికప్పు ట్రక్కులలో అరిగిన రబ్బరునకు బదులు ఇట్టివి వేయించుకొనువారు పలువురు. ఇవి ఎక్కువకాలము నిలుచును, స్టీరింగు బిగువుగా నుండును. కాని దారి అదురు చేతికి కొంత ఎక్కువగా తెలియును. ఏది వేసినను రెండువైపుల ఒక్కసారే వేయవలెను. ఒకటి క్రొత్తది, ఒకటి ప్రాతది యైన బరువంతయు ఒకదానిమీదనే పడును. ముసలి ఎద్దును కోడెను ఒక కాడికి కట్టిన చందమగును.

ఎనిమిదవది, బోల్టులన్నిటిని మొదట చేతితో ఎక్కించి, తరువాత తయారీదారు పుస్తకములో చెప్పిన బిగువునకు టార్కు పానాతో బిగింపవలెను. తక్కువ బిగువైన వదులగును. ఎక్కువైన మర తెగును. లోపల నైలాను కడియము గల నట్లు ఒకసారి విప్పిన మరల వాడరాదు.

తొమ్మిదవది, నూనె ఎచ్చటనుండి కారినదో వెదకి ఆ కారుటను ఆపవలెను. లేనిచో క్రొత్త బుష్షు కూడ పాతదాని త్రోవనే పోవును. పిదప చక్రములను దింపి, ఈ కొననుండి ఆ కొనకు త్రిప్పి చూచి, ఖాళీ స్థలమున మెల్లగా నడపి, చివరకు చక్రముల అలైన్‌మెంటు చేయింపవలెను. రాక్కు కొంచెము జరిగినను ముందు చక్రముల ముఖము మారును. ఈ చివరి ఖర్చును తప్పించుకొన్నవాడు దానిని టైర్ల రూపమున చెల్లించును. కొన్ని దినములు తిరిగిన తరువాత బోల్టుల బిగువును మరియొకసారి చూడవలెను.

చేయరాని పనులు కూడ కొన్ని కలవు. అరిగిన బుష్షు చుట్టు టైరు ట్యూబు ముక్కలు చుట్టుట, రేకు ముక్క దూర్చుట, గొట్టమును చట్రమునకు వెల్డింగు చేయుట మన ప్రాంతమున కొందరకు అలవాటు. ట్యూబు ముక్క నాలుగు దినములు బిగువుగా తోచి, ఒకనాడు ఊడిపడును. రేకు లోహమును కొరికివేయును. వెల్డింగు చేసిన దెబ్బ నేరుగా రాక్కునకే తగులును. మరికొందరు రాక్కుమీది సర్దుబాటు మరను బిగించి ప్లేను దాచుదురు. అపుడు స్టీరింగు పట్టివేసి, మలుపు తిరిగిన పిమ్మట తనంత తాను తిన్నబడదు. అది మొదటి దోషముకంటె ప్రమాదకరము.

దేవదానవ యుద్ధమున దశరథుని రథపు శీల ఊడగా కైక తన వ్రేలిని అడ్డుపెట్టి రథమును నిలిపెనని మన పెద్దలు చెప్పుకొను కథ కలదు. చిన్న శీల ఊడిన చక్రవర్తి రథమైనను కూలునని ఆ కథ చెప్పుచున్నది. రెండు వరముల వెల పలికిన శీల అది! వ్రేలు అడ్డుపెట్టు కైక ప్రతి బండిలోను ఉండదు. బండి దిగకమునుపే శీలను చూచుకొనుట మన పని.

ఇచ్చట ఒక కఠినమైన మాట చెప్పవలసియున్నది. పంట కోతల కాలమున సరకుల ట్రక్కులలో కూలి జనమును నిలువబెట్టి తీసికొనిపోవుట మనమెల్లరము చూచుచున్నదే. అది చట్టవిరుద్ధము, ప్రమాదకరము. స్టీరింగు మంచిదైనను చేయరాదు. ప్లే వచ్చిన స్టీరింగుతో చేయుట మాత్రము తెలిసి చేసిన పాపము. ఆ బండి వెనుక నిలిచియుండునది మన తల్లులు, మన అక్కచెల్లెండ్రు. వారి చేతిలో చక్రము లేదు. ప్లే వచ్చినదని వారికి తెలియదు. తెలిసినవాడు యజమాని, తోలువాడు. అందుచేత బాధ్యతయు వారిదే.

నా మనవి రెండు మాటలలో ముగించెదను. ప్రతి ట్రక్కులోను ఒక చిన్న పుస్తకము ఉంచుడు. తేదీ, తిరిగిన కిలోమీటర్లు, కనబడిన గుర్తు, చేసిన పని, వేసిన సామాను, ఇచ్చిన పైకము వ్రాయుడు. లెక్క వ్రాసిన ఇంట అప్పు దాగదు. లెక్క వ్రాసిన బండిలో జబ్బు దాగదు. రెండవది గ్రంథాలయ కార్యవర్గమునకు. మన ఊరిలో తిరుగు బండ్లకు తయారీదారులు వేసిన మరమ్మతు పుస్తకములను సంపాదించి, కావ్యముల బీరువా ప్రక్కనే ఒక అర యందు ఉంచుడు. అవి చాలవరకు ఇంగ్లీషులో నుండును. చదువుకొన్న పిల్లలు వారమున కొకనాడు కూర్చుండి, డ్రైవర్లకు వానిని తెలుగులో చదివి చెప్పవలెను. ఆ పనికి మొదటి పేరు నాది వ్రాసికొనుడు.

ఇరువదియైదు ఏండ్లుగా ఈ గ్రంథాలయము మనకు పురాణములను, కావ్యములను, వార్తలను అందించినది. రాబోవు ఏండ్లలో మన దారులమీద తిరుగువారిని క్షేమముగా ఇల్లు చేర్చు విద్యను కూడ అందించునుగాక.